చిన్న మంచానికి రంగు

కొండాపూర్ ఫ్లాటు బాల్కనీలో అతను రంగు వేయని చెక్క మంచాన్ని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుతున్నాడు. విడిపోయిన భార్య దగ్గరున్న అతని కూతురు యశస్వినిని చూసి, అక్క అప్పుడే వచ్చింది.

"యశస్విని ఏ రంగు కావాలన్నది, అక్కా?"

"ముందు చేతులు కడుక్కో. ఏమన్న తిన్నవా?"

"గులాబి అంటదని డబ్బా తెచ్చి పెట్టిన. వాసన రానిది. ఘాటు వాసనకు దానికి ఆయాసమొచ్చి దమ్ము లేస్తది కదా."

"తమ్మీ, ఇగ ఆపు."

"శనివారం అది వచ్చేటాళ్లకు ఆరాలె. రెండు పూతలు వెయ్యాలె."

"శనివారం అది రాదురా."

"జరమొచ్చిందా?"

"బాగనే ఉన్నది. రానన్నది."

"వాళ్లమ్మ నేర్పి ఉంటది."

"లేదు. వాళ్లమ్మ నా ముందట్నే పొమ్మని బతిమిలాడింది. డాడీ అరుస్తడు, నాకు భయమైతదని ఏడ్చింది పిల్ల."

అతని చేయి ఆగిపోయింది.

"నేను అరవక ఏడాది దాటింది, అక్కా."

"నాకు ఎరుకే. దానికెట్ల ఎరుకైతది?"

"మంచం సంగతి చెప్పినవా?"

అక్క రంగు డబ్బాను గోడ వారకు జరిపింది.

"చెప్పిన. ఇంకెవరికన్న ఇయ్యమన్నది."

అతను మంచం పట్టె మీద అరచేయి పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా మెల్లగా తడిమాడు. ఎక్కడా చిన్న చెక్కపేడైనా గుచ్చుకోలేదు.