డెబ్బై ఏడు పాయింట్ తొమ్మిది

అలా అందరికీ చెప్పుకోకండి బాబాయ్, మీకు పుణ్యం ఉంటుంది. మెట్లెక్కుతుంటే కింద ఇస్త్రీ ఆయన ఆపి మరీ అన్నాడు, “టైలరుగారి భార్యని సొంత తల్లిలా చూసుకున్నావటగా, పోయేదాకా” అని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

టీ వద్దు. వద్దంటే వినరేం? సరే, అక్కడ పెట్టండి. ముందు మిషను దగ్గర్నుంచి లేచి ఇలా కూర్చోండి. ఇది కుట్టుకుంటూ వినే మాట కాదు.

సంతకం కోసం వస్తానని ఫోన్లో చెప్పాను కదా. మా సర్వేలో ఎవరైనా పోతే నింపే కాగితం ఇది. చివరిసారి తూచిన బరువు, ఏ జబ్బు, ఎన్ని నెలలకు. రెండు నిమిషాల పని. వారం నుంచి సంచీలో పెట్టుకు తిరుగుతున్నాను.

మొదటిసారి పిన్ని అడిగింది గుర్తుందా, “నా బరువుతో మీకేం పనే” అని? పన్నెండు వేల మందిని ఆరు నెలలకోసారి తూస్తాం పిన్నీ, ఇరవై ఏళ్ళు చూస్తాం, ఏ బరువువాళ్ళకు ఏ జబ్బులొస్తాయో, ఎవరు ముందు పోతారో అప్పుడు తేలుతుంది అన్నాను. “ఇరవై ఏళ్ళా? అయితే నా జవాబు పైకి పంపించండి” అంది. మళ్ళీ గుసగుసగా, “మీ బాబాయ్‌కి మాత్రం చెప్పకు, గుడ్డ ఎక్కువ పడుతోందని ఇప్పటికే గొణుగుతున్నాడు.” నవ్వుతారేం, అన్నమాటే.

ఏం? మీ కొలతల టేపు సంగతా?

దాని గురించే వచ్చాను. మొన్న ఆస్పత్రి వరండాలో మీరన్నారు, మూడు నెలల్లో ఆవిడ బట్టలు రెండుసార్లు బిగించి కుట్టాను, చేతులకు తెలిసింది గానీ బుర్రకెక్కలేదు అని. పిన్నిని అడిగితే నేను బరువు రాసిచ్చిన కార్డు తీసి చూపించిందటగా. “అమ్మాయి కాటా అబద్ధం చెబుతుందా? డెబ్బై ఏడు పాయింట్ తొమ్మిది. నీ టేపే సాగిపోయింది” అని. మీరు వెళ్ళి కొత్త టేపు కొన్నారు. కొత్తదీ అదే మాట చెబితే, కళ్ళు మసకబారాయనుకున్నారు.

నలభై ఏళ్ళుగా కొలుస్తున్న చేతులు. నా అంకె చూసి వాటిని నమ్మడం మానేశారు.

బాబాయ్, ఆ అంకె కాటా చెప్పింది కాదు. నేను రాసింది.

ఆగండి. ఇప్పుడు ఆపితే మళ్ళీ చెప్పలేను.

ఆ రోజు కాటా డెబ్బై పాయింట్ మూడు చూపించింది. అంతకు ముందుసారి డెబ్బై ఎనిమిది పాయింట్ ఆరు. ఎనిమిది కిలోల మూడు వందల గ్రాములు తేడా. నాకు లెక్కలు చిటికెలో వస్తాయి, ఆఫీసులో నా గొప్పంతా అదే. మనిషి ఏ ప్రయత్నమూ చెయ్యకుండా నాలుగు కిలోలు తగ్గితే చాలు, ఎర్ర చీటీ రాసి ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి పంపాలి. ఊరికే సన్నబడుతున్నారంటే లోపల ఏదో ఉందేమోనని. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం చెప్పేది నేనే.

నేల ఎగుడుదిగుడుగా ఉంది, కాటా తప్పుతోంది అనుకున్నాను. పిన్ని కళ్ళజోడు పెట్టుకోలేదు. “ఎంతమ్మా?” అంది. “కాస్త తగ్గారు పిన్నీ” అన్నాను. మురిసిపోయింది. పాత కొలతల వరసలో ఏది పొందికగా కూర్చుంటుందో అది రాశాను. డెబ్బై ఎనిమిది అని గుండ్రంగా రాస్తే పైవాళ్ళకు అనుమానం వస్తుంది. అందుకే పాయింట్ తొమ్మిది. అంత తెలివి నాది.

పొరపాటు ఎవరైనా చేస్తారు అంటారని తెలుసు. ఇంకా ఉంది.

మర్నాడు ఆఫీసులో ఆ కాటా మీద ఇరవై కిలోల తూకం రాయి పెట్టి చూశాను. ఇరవై చూపించింది. తీసి మళ్ళీ పెట్టాను. ఇరవై.

అప్పటికే ఫారం పంపేశాను. దిద్దితే నా పేరు పక్కన తప్పు పడుతుంది. రెండేళ్ళుగా ఒక్క తప్పూ లేని ఫారాలు నావి, ఆ నెలలోనే సూపర్‌వైజరును ఎంచుతున్నారు. వచ్చేసారి ఎలాగూ బయటపడుతుంది, ఆరు నెలలేగా అనుకున్నాను. నన్నే ఎంచారు కూడా. పిన్ని ఐదో నెలలో ఆస్పత్రిలో చేరింది.

ముందే పంపి ఉంటే బతికేదా అని డాక్టరుగారిని అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు. “చెప్పలేం” అన్నారు. చెప్పలేం అంటే లేదని కాదు బాబాయ్.

ఏదైనా అనండి. ఆ గ్లాసు నా ముందుకు జరపకండి, ఏదైనా అనండి.

ఇక్కడ డెబ్బై ఏడు పాయింట్ తొమ్మిది అని రాస్తే, లెక్కల్లో పిన్ని లావుగా ఉండి పోయిన మనిషి అవుతుంది. రేపు ఎవరో చదివి ఏదో నేర్చుకుంటారు. నిజం రాస్తే నా ఉద్యోగం పోతుంది. అందుకే ఆ గడి ఖాళీగా ఉంచి మీ దగ్గరికి తెచ్చాను. చూశారా, ఇదీ మీ నెత్తినే పెట్టబోయాను. ఇలా ఇవ్వండి, నేనే రాస్తాను. డెబ్బై. పాయింట్. మూడు.

మీ టేపు సరిగ్గానే చెప్పింది. మీ చేతులూ సరిగ్గానే చెప్పాయి. ఇక మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, తిట్టాలంటే ఎదురుగా నేనున్నాను. ఇక్కడ సంతకం పెట్టండి.

ఆఁ?

ఇంకెవరికైనా ఇలా రాశానా అనా?

ముప్పై ఏడు మందికి. పొందికగా లేని అంకె వచ్చినప్పుడల్లా. లెక్క గుర్తుంది గానీ, వాళ్ళకు నిజంగా ఎంతెంత వచ్చిందో ఎక్కడా రాసుకోలేదు బాబాయ్. నా కాగితాల్లో అందరూ బాగానే ఉన్నారు.