నేను రాయని ప్రోగ్రాం

సభాధ్యక్షులు జగన్మోహన్‌రావు గారికి, ముందువరుసలోని పెద్దలకు, కరీంనగర్ ఎండలో నా వీడ్కోలు సభకు ఇంతదూరం వచ్చిన మిత్రులకు నమస్కారాలు.

1969లో ఈ ధర్మాసుపత్రిలో గుమస్తాగా చేరిన ఈ బాలమల్లు, యాభై దాటాక కంప్యూటర్ నేర్చుకుని మన రక్తనిధికి సొంతంగా ప్రోగ్రాం రాశాడని అధ్యక్షులవారు ఇందాక పొగిడారు. (చప్పట్లు) వద్దండి, దయచేసి ఆపండి. భూమన్నా, నువ్వు కూడా. (నవ్వులు)

ఆ ప్రోగ్రాం నేను రాయలేదు. కంప్యూటర్లు అమ్మినవాళ్లు ఇచ్చిన ఫ్లాపీలో, నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన నమూనా అది. లోపలి గదిలో లెక్కలన్నీ దాచుకునే సర్వర్, బయట రెండు కౌంటర్లలో దాన్ని అడిగే కంప్యూటర్లు. అందులో దుకాణం సరుకుల పేర్లున్న చోట నేను రక్తం గ్రూపుల పేర్లు పెట్టాను, అంతే. ఒకరి పని పూర్తయ్యేదాకా రెండోవారిని ఆపే తాళం ఇందులో లేదు, అసలు పనికి వాడవద్దు అని పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. చదివాను. చదివి కూడా, నాకు పేరొస్తుందన్న ఆశతో ఊరుకున్నాను.

నిరుడు వేసవిలో ఓ-నెగటివ్ రక్తం ఒక్క సంచే మిగిలిన రోజున, ఒక కౌంటర్లో నేను, రెండోదాంట్లో మన దగ్గరే గుమస్తాగా చేస్తున్న, సిరిసిల్ల నేతకార్మికుడు కైలాసం గారి అమ్మాయి నర్మద ఉన్నాం. ఇద్దరం ఒకేసారి అడిగాం. సర్వర్ ఇద్దరికీ ఉందని చెప్పింది. ఇద్దరం చీటీలు రాసిచ్చాం. నా చీటీవాళ్లు సంచి తీసుకెళ్లారు. కాన్పులో రక్తం పోతున్న భార్య కోసం బెల్లంపల్లి నుంచి వచ్చిన హనుమండ్లు, నర్మద ఇచ్చిన చీటీ పట్టుకుని, "లేదంటరేంది? గీ చీటి మీరే ఇచ్చిండ్రు గదా!" అని కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చాడు. మన ఆసుపత్రి కాపలాదారు భూమన్నది అదే గ్రూపు కాబట్టి, అప్పటికప్పుడు రక్తమిచ్చాడు కాబట్టి ఆ తల్లి బతికింది.

విచారణలో నర్మద నావైపు తిరిగి, "తెర మీద ఒకటున్నదని చూసినంకనే రాసిచ్చిన. మీరన్న చెప్పుండ్రి సార్" అంది.

"కంప్యూటర్ తప్పేం లేదు. పిల్లనే జర తొందరపడ్డది" అన్నాను.

ఆ మధ్యాహ్నమే తలుపేసుకుని ప్రోగ్రాంలో తాళం పెట్టాను. నాలుగే నాలుగు వరుసలు. లేని రక్తానికి చీటీ రాసిందని వారం తిరక్కుండా ఆమెను కొలువులోంచి తీసేశారు.

మొన్న ఆదివారం సిరిసిల్ల వెళ్లాను. మగ్గానికి నూలు కండెలు చుడుతున్న నర్మద నేను చెప్పిందంతా తలెత్తకుండా విని, "నాకు ఎర్కనే సార్. నా కొలువు పొయ్యేదాక మల్ల గట్ల ఒక్కసారన్న కాలే, మీరే సరిజేసిండ్రని సమజైంది. ఇయ్యాల చెప్తరు, రేపు చెప్తరని ఏడాది చూసిన" అంది.

క్షమించమని అడగబోయాను.

"నాకు చెప్తె ఏమొస్తది? నన్ను దొంగలెక్క చూసినోళ్ల ముంగట చెప్పుండ్రి" అంది.

అందుకే చెబుతున్నాను. ఆమె రాలేదు. పిలిచాను, రానంది. అధ్యక్షా, జరిగిందంతా ఈ కాగితంలో రాసి సంతకం చేశాను. (అధ్యక్షులు కాగితం అందుకున్నారు) ఆమె కౌంటరు ఇంకా ఖాళీగానే ఉంది. ఆమెకు తిరిగి కొలువిమ్మని అడిగే అర్హత నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మీ ముఖాలు చూడలేకపోతున్నాను. ఇక సెలవిప్పించండి.