ఒంటిచేత్తో ఎత్తే పెట్టె

హలో… ఆ, నేనే. … నేనేరా, బావని. … మీ అక్క నంబరుకి కొట్టావు. … పర్లేదు. … పర్లేదన్నానా, చెయ్యి అలవాటుగా అటే పోతుంది. మనిషి పోయి నెల కాలేదు, నంబరెక్కడికి పోతుంది. నిన్న నేనూ కొట్టాను, బజారుకెళ్తూ గుమ్మంలోంచే, కూరలేం తేవాలో అడుగుదామని. పక్క గదిలో మోగింది.

… ఆ, ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. … ఎందుకంటే ఏం చెప్పను. కుట్టమని బట్టలిచ్చినవాళ్ళు చేస్తున్నారు. … ఏం చెప్తానా? రేపు రండి అంటున్నాను. … టైలరు మాట కదా, ఒక్కరికీ అనుమానం రాలేదు. … నవ్వు, నవ్వచ్చు. నాకూ వచ్చింది నవ్వు. మొహం దాకా రాలేదు, అంతే.

ఇందులో నీ పేరు ఎలా ఉందో తెలుసా? బుడ్డోడు. … ఆరడుగులు పెరిగావు, గడ్డం నెరుస్తోంది, అయినా బుడ్డోడే. … సరే సరే, ఏడిపించనులే. గిటార్ల షాపుకెళ్ళావా లేదా, అది చెప్పు.

… అక్కడే ఉన్నావా? … కొట్టాయన పక్కనే ఉన్నాడా? … కొంచెం అవతలికి రా. బేస్ గిటార్‌కి స్పీకర్ పెట్టె కావాలని చెప్పావుగా, చాలు. నచ్చినట్టు మొహంలో చూపించకు. వాళ్ళు వస్తువు చూసి ధర చెప్పరు, మొహం చూసి చెప్తారు.

పాతవి ఎన్నున్నాయి? … మూడా. … మొదటిది చెప్పు. … పదంగుళాల స్పీకర్లు నాలుగు. … వద్దు. … చవకే, కాదనట్లేదు. మోత కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. మన దగ్గరున్నది అలాంటిదే కదా. … అందుకే వద్దు. … చక్రాలుంటే? మెట్ల మీద చక్రాలేం చేస్తాయిరా, వడ్రంగివై ఉండి అడుగుతున్నావు. మేం వాయించే హాలు మూడో అంతస్తు. లిఫ్టు మనుషులకే అంటాడు వాచ్‌మన్.

ఒకటి గుర్తుపెట్టుకో. నేనొక్కణ్ణే ఎత్తగలిగేది కావాలి. అంతే. మిగతావన్నీ దాని తర్వాతే.

… ఉన్నాడు, సాయానికి మా డ్రమ్మరున్నాడు. … పోయిన శనివారం వాడే పట్టుకున్నాడు అటు పక్క. … నీకు చెప్పలేదా? … పెద్ద విషయమేం కాదు. అటు పక్క హ్యాండిల్ కిందికి ఉంది కదా. … ఆ, నువ్వు పెట్టిందే. అక్క పొట్టి అని, పెట్టె పక్కన తనని నిలబెట్టి, చెయ్యి ఎక్కడికొస్తుందో చూసి, చాక్‌పీసుతో గీత గీసి మరీ పెట్టావు. తను అటు, నేనిటు పట్టుకుంటే పెట్టె బల్లలా సమంగా వెళ్ళేది. డ్రమ్మరేమో నాకంటే పొడుగు. వాడు ఆ హ్యాండిల్ పట్టుకుని లేచేసరికి అటు పక్క పైకి లేచిపోయింది. బరువంతా నా మీదకి ఒరిగింది. మూల మెట్టుకి గీసుకుంది. … మెట్ల మధ్యలోనే దించేశాను.

… ఆ, దించి కూర్చున్నాను. అందరూ ఆగిపోయారు. పాటలు పాడే అమ్మాయి నీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది. ఏడుస్తాననుకున్నారు పాపం. … ఏడవలేదు. ఆకలేసింది. … నిజంగారా. బిస్కెట్లేమైనా ఉన్నాయా అని అడిగాను. … తర్వాతా? వాయించాను. బాగానే వాయించానట. నాకు తెలీదు.

… వద్దు. … వద్దురా. … రెండు నిమిషాల పనే, తెలుసు. స్క్రూలు తీసి, హ్యాండిల్ పైకి జరిపి, పాత చిల్లులు కనపడకుండా మూసి రంగేసేస్తావు. నీ పనితనం నాకు తెలీదా? కనపడకుండా చేస్తావనే వద్దంటున్నాను. … కోపం కాదు. కోపం కూడా రావట్లేదు. … అది అక్కడే ఉండనీ. … ఆ పెట్టె అమ్మను. కీబోర్డు మాస్టారు అడిగాడు, ఆయనకీ ఇదే చెప్పాను. ఇంట్లో అది ఉంటుంది, బయటికి ఇప్పుడు కొనేది తీసుకెళ్తాను. రెండో సెట్టు. వాయించేవాళ్ళు చాలామంది ఉంచుకుంటారు రెండు, వింతేం కాదు. ఆంప్ అంటావా, సౌండు పెంచే ఆ చిన్న డబ్బా సంచిలో పట్టేస్తుంది, దాని గొడవ లేదు. పెట్టె ఒక్కటే.

రెండోది చెప్పు. … పదిహేనంగుళాలది, ఒకటే స్పీకరు. … తట్టు ఓసారి. … పిడికిలితోరా, పక్క చెక్క మీద. తలుపు కొట్టినట్టు. … ఫోను దగ్గర పెట్టి. … మళ్ళీ. … నా మొహం, ఫోన్లో బేస్ ఏం వినిపిస్తుంది! నీ ఉంగరం చప్పుడు వినిపిస్తోంది. … సరే, నువ్వే చెప్పు. చెక్క సంగతి నీకు తెలియనిదా. … డొల్లగా ఉందా? … లోపల బద్ద ఊడిందేమో. … అయితే వదిలెయ్. గట్టిగా వాయిస్తే టకటకా కొట్టుకుంటుంది. జనం బేస్ వినరు గానీ అలాంటివి మాత్రం వింటారు.

… ఆ, అనేది. మీ ఆయన ఏం వాయిస్తాడని ఎవరడిగినా, 'వినపడనిది వాయిస్తాడు' అనేది. … అనేసి, మళ్ళీ హాల్లో వెనక గోడ దగ్గర నిలబడి చెయ్యి ఊపేది. పెంచు, పెంచు అని. వినపడనిదైతే తగ్గిందని తనకెలా తెలిసేదో. … మొన్న కూడా చూశాను గోడవైపు. … ఏం లేదు. కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఎంత పెట్టాలో తెలీలేదు. మధ్యలో పెట్టి వదిలేశాను.

… తిన్నాను. … తిన్నానురా బాబూ, ఒట్టు. … అత్తయ్యకి చెప్పు, తిన్నాడని. … లేదు, ఇప్పుడే రావద్దను. ఆవిడ వచ్చి ఏడుస్తుంది, నేను పక్కన గుంజలా కూర్చుంటాను. అది చూసి ఆవిడకి ఇంకా బాధ. … ఏడుపు రావట్లేదు, ఏం చెయ్యమంటావు. నీళ్ళు రాని రోజు కుళాయి తిప్పితే గాలొస్తుంది చూడు, అలా ఉంది. … అదే, గాలి.

మూడోది చెప్పు. … పన్నెండంగుళాలది. … ఎంతంటున్నాడు? … ఊఁ. మొదటిదానికంటే చిన్నది, దానికంటే ఎక్కువా. … లోపల అయస్కాంతం తేలికరకం, అందుకు. బరువు తగ్గించుకోవడానికి డబ్బులివ్వాలి మరి. … లేదు, అంతవరకూ పెట్టగలను. ఆపైన ఒక్క పైసా వద్దు.

వెనక్కి తిప్పు. వైరు గుచ్చేచోట రాసి ఉంటుంది, ఎనిమిది ఓమ్స్ అనా, నాలుగనా? … సరిగ్గా చూడు. అద్దాలు పెట్టుకో, ఎవరూ నిన్ను పెళ్ళిచూపులకి చూడట్లేదక్కడ. … ఎనిమిది. మంచిది. … నాలుగైతే పాతదాంతో కలిపి పెట్టినప్పుడు ఆంప్ తట్టుకోదు, వేడెక్కి చస్తుంది. … కలుపుతానో లేదో నాకేం తెలుసు. అంత పెద్ద ప్రోగ్రాం వస్తుందో రాదో. కలపడానికి వీలుంటే చాలు.

ఎత్తు. … ఎత్తి చూడమంటున్నాను. … నువ్వు దూలాలెత్తేవాడివి, తేలిగ్గా ఉందంటే నమ్మను. ఒంటిచేత్తో ఎత్తు. నా రెండో చేతిలో ఆంప్ సంచి ఉంటుంది కదా, భుజానికి గిటారు. … ఎత్తావా? … మెట్లున్నాయా అక్కడ? … అయితే ఎక్కు. … నవ్వితే నవ్వనీ ఆయన్ని. … ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఎక్కు. మాట్లాడుతూ ఎక్కు, ఆయాసమొస్తోందో లేదో నాకు తెలియాలి. … ఏదో ఒకటి చెప్పు. … ఆ, వింటున్నాను. … ఆ. … ఊఁ. … పిల్లకి జ్వరం తగ్గిందా? … మంచిది. … ఆ. … ఆయాసం లేదు. … చాలు, ఆగు అక్కడ.

హ్యాండిల్ ఎక్కడుంది? … పక్కల లేవా? … ఇటూ లేదు, అటూ లేదు. … పైన. … సరిగ్గా మధ్యలో. … ఒకటే.

…

సరే. అదే తీసుకో.

… ఏంట్రా. … ఒరేయ్. … ఏడుస్తున్నావా? … మెట్ల మీదే కూర్చున్నావా. … సరే, కూర్చో. … తెలుసురా. తన చెయ్యి కొలిచి పెట్టినవాడివి. … తెలుసు. … కొట్టాయన చూస్తున్నాడా? … ధర విని ఏడుస్తున్నావనుకుంటాడు. ఇంకాస్త ఏడువు, తగ్గిస్తాడేమో. … నవ్వా, ఏడుపా అది? … రెండూనా. నీ పనే బావుంది. … వెటకారం కాదు, నిజంగానే అంటున్నాను. ఇవాళ్టికి నా వంతు కూడా నువ్వే ఏడ్చెయ్. నాకొచ్చిన రోజు నీ వంతు నేను చూసుకుంటాను.

… ఆ, ఇంటికే తీసుకురా. … పైకి మోసుకురాకు. కింద గేటు దగ్గర పెట్టు, నేను దిగి వస్తాను. … నేనే ఎత్తి చూడాలి కదా. … పాతదా? దాని చోటే, కిటికీ పక్కన. కత్తెర, టేపు దాని మీదే ఉన్నాయి. … కుడుతూ కుడుతూ దాని మీద పెట్టేది కదా, పక్కనే ఉంటుందని. … శనివారం తీశాను. తిరిగి తెచ్చాక మళ్ళీ పెట్టాను. … లేదు, అలా ఉంచే వాయిస్తున్నాను. కింది తీగ మీటితే కత్తెర గలగలమంటుంది. … ఎప్పుడూ తిట్టేవాణ్ణి, తియ్యవే అని. … ఆ. ఇప్పుడు ఆ తీగే వాయిస్తున్నాను ఎక్కువ.

సరే, లే. మొహం కడుక్కుని వెళ్ళి బేరం చెయ్యి. … బయల్దేరేటప్పుడు ఫోన్ చెయ్యి. … ఏ నంబరుకేంటి. దీనికే చెయ్యి. నీ పేరు పడుతుంది. … ఉంటా మరి. … పెట్టెయ్. … నువ్వే పెట్టాలి. అక్క ఎప్పుడూ ముందు పెట్టేది కాదు కదా, నువ్వు పెట్టేదాకా పట్టుకునే ఉండేది. … ఆ, నేనూ పట్టుకునే ఉన్నాను. … ఉన్నావా ఇంకా? … పెట్టరా… పెట్టరా బుడ్డోడా…