బెల్లానికి లొంగని వాసన

"మీ సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీ వాసన నీ ప్రాణం మీదికి తెస్తుందేమోనని భయంగా ఉంది అమ్మడూ," అంది తల్లి, తాడేపల్లిగూడెం స్టేషన్లో కూతురి సంచిలో బెల్లం పొట్లం దూరుస్తూ. "డ్యూటీ దిగగానే ముక్క నోట్లో వేసుకో. మా రైసుమిల్లు దుమ్మంతా దీంతోనే పోతుంది."

"అక్కడ దుమ్మెక్కడిదమ్మా. అది ఫోన్ల లోపలి బోర్డులు తుడిచే మందు ఆవిరి."

"ఆవిరికి బెల్లం పనిచెయ్యదా?"

"నీ బెల్లం మా హాస్టల్ పిల్లలు పాయసంలో వేసేసుకుంటున్నారులే."

"నవ్వకు. నీ పక్కన కూర్చునే పిల్లకి కడుపు పోయిందన్నావుగా. కడుపుతో ఉన్నవాళ్ళని కూడా ఆ మందు దగ్గరే కూర్చోబెడతారా?"

కూతురు సంచి భుజానికి తగిలించుకోబోయింది. మద్రాసు బండి వచ్చి ఆగింది. తల్లి సంచి వదల్లేదు.

"కడుపుతో ఉన్నామని చెబితే పనిలోంచి తీసేస్తారమ్మా," అంది కూతురు. "అందుకే నేనింకా చెప్పలేదు."