యాంటెనా తొలగింపు తీర్మానం

హలో… ఆ ఆ, నేనే, జయశ్రీని. నాలుగో అంతస్తు జయశ్రీని… ఎవరూ? … ఓహో, సుందరరావు సారా! మన అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ గారు! ఏం భాగ్యం సార్ నాది! ల్యాండ్‌లైన్ ఇంకా పెట్టుకున్నవా, మ్యూజియంకు ఇచ్చెయ్యరాదా అన్నరు కదా మొన్న… కలిసిందా? సంతోషం.

… అవును సార్, వానకు అశోక్‌నగర్‌ల పొద్దటి సంది కరెంటు లేదు. మధ్యాహ్నం సెల్లులు కూడా పోయినయి… చిక్కడపల్లి, నారాయణగూడ అంతా గంతే. మీరేడున్నరు? … సుల్తాన్ బజార్‌లనా? ఆడ సిగ్నల్ ఉందా? అదృష్టవంతులు. చీరలు కొనుక్కొని మెల్లగ రండి.

… రేడియోనా? ఏ రేడియో సార్? … ఆ, హ్యామ్ రేడియో. వరదలొచ్చి ఫోన్లు పోతే ఇదే అక్కరకొస్తదని మీటింగుల అరగంట నెత్తి నోరు కొట్టుకున్న చూడండి, గదేనా? … ఉంది సార్, నా చేతులనే ఉంది, బ్యాటరీ మీద నడుస్తుంది. డాబా మీది యాంటెనానే లేదు. పోయిన ఆదివారం మీరే పీకించిండ్రు. రేడియేషన్‌తోని పావురాలు పరేషాన్ అయితున్నయని. తీర్మానం నంబర్ ఏడు, కింద మీ సంతకం… వైరు మాత్రం పీకలే. దాని మీద సుబ్బలక్ష్మి మేడం దుప్పట్లు ఆరేస్తున్నరు కదా. వాటికి రేడియేషన్ అంటుకోదేమో… కోపమా? నాకెందుకు సార్ కోపం!

… ఏందీ? … జర నిదానంగ చెప్పండి… మీ మనవరాలు తన్మయినా? … నారాయణగూడల లెక్కల క్లాసా… సెల్లార్‌లనా! … నీళ్ళొచ్చినయా! … సార్, ఇది ముందు చెప్పాలె కదా! నన్ను గిన్ని మాటలు అననిచ్చిండ్రేంది!

… ఫోన్ పెట్టకండి. రేడియోల అడుగుతున్న… లేదు సార్, నారాయణగూడకు నేరుగ అందదు. యాంటెనా ఉంటే అందేది. ఇప్పుడు చీపురుకట్టకు వైరు చుట్టి బాల్కనీ గ్రిల్లుకు కట్టిన. అడిక్‌మెట్ దాకనే పోతది. ఆడ డాబా మీద పెద్ద యాంటెనాతోని మా దుర్గయ్య అన్న ఉన్నడు. ఆయన మా జట్టు ఉదయ్ కుమార్‌కు చెప్తడు. ఉదయ్ వాకీటాకీ పట్టుకొని నారాయణగూడ గల్లీలల్లనే తిరుగుతున్నడు… ఒక్క నిమిషం.

“దుర్గయ్య అన్నా, జయశ్రీని. నారాయణగూడ, లెక్కల క్లాసు సెల్లార్. తన్మయి అని పదేండ్ల పిల్ల. దొరికిందా అని ఉదయ్‌ను అడుగు. తన్మయి… ఓవర్!”

అడిగిన సార్… సార్? … ఎందుకేడుస్తున్నరు? … ఎవరు పోయిండ్రు? … నేనా? నేనెప్పుడన్న? … అయ్యో రామా! ఓవర్ అంటే పిల్ల పని అయిపోయిందని కాదు సార్! నా మాట అయిపోయింది, ఇగ నువ్వు మాట్లాడు అని! రేడియోల అట్లనే అంటరు! … కూసోండి. షాపాయనను నీళ్ళడిగి తాగండి… నాకు మాత్రం భయం లేదా? నిన్ననే మెట్ల మీద నిలబెట్టి నాకు పన్నెండో ఎక్కం ఒప్పజెప్పింది ఆ పిల్ల.

… ఇంకా రాలే జవాబు… గరగర అంటుంది, అంతే… లేదు, పావురాలను నేనిప్పుడేం అంటలేను సార్… ఉండండి, ఉండండి, వచ్చిండు!

“చెప్పు అన్నా… మళ్ళ చెప్పు, తెగిపోయింది… ఎంతమంది? … పేరు? … పేరు ఇంకోసారి చెప్పు… ఎర్ర రెయిన్‌కోటా? … మంచిది అన్నా, లైన్లనే ఉండు.”

సార్! బతికే ఉంది! తన్మయి బతికే ఉంది! … విన్నరా? పన్నెండుమంది పిల్లలూ టీచరమ్మతోని రెండో అంతస్తుల ఉన్నరు. మోకాళ్ళ దాక తడిసిండ్రు, గంతే… అవును, ఎర్ర రెయిన్‌కోటే. బిస్కెట్లు కూడా తింటుందట… ఏడ్వండి సార్, ఏం కాదు. నాకూ ఏడుపొస్తుంది.

… క్షమాపణలా? మీటింగుల చెప్పండి, మినిట్స్‌ల రాస్తరు. ఇప్పుడు పెన్ను తీయండి… చీర బిల్లు వెనకనా? సరిపోతది. మిగతా పదకొండుమంది పిల్లల అమ్మానాన్నలు ఎక్కడెక్కడి ఆఫీసులల్లనో కూసోని మీలెక్కనే చస్తున్నరు. రిజిస్టర్ చూసి ఉదయ్ నంబర్లు చదువుతడు, దుర్గయ్య అన్న నాకు చెప్తడు, నేను మీకు. రేడియో ఇడిచిపెట్టి నేను ఒక్కొక్కరికి చెయ్యలేను, మీకు సిగ్నల్ ఉంది కాబట్టి మీరు వాళ్ళకు… అవును, ఇగ మీరు కూడా మా జట్టే. ఏం చేస్తం, ఖర్మ.

ఆ, మొదటి నంబరొచ్చింది, రాసుకోండి. మహిత. వాళ్ళమ్మ శ్రీలక్ష్మి. తొమ్మిది, ఎనిమిది, నాలుగు… రాసిండ్రా? … మొత్తం మళ్ళ చదవండి… ఆ, కరెక్టే. ఈమెకు చేసి మళ్ళ నాకు చెయ్యండి, ఇంకో నంబరిస్త.

… ఏం చెప్పాల్నా? … వద్దు సార్. అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ సుందరరావును మాట్లాడుతున్నాను అని మొదలువెట్టకండి. మీ పేరు తర్వాత. హలో కూడా తర్వాతనే. ఆమె ఫోనెత్తంగనే ముందు ‘పాప క్షేమం’ అనండి…

ఆ. గంతే. పెట్టేయండి సార్, ఆ తల్లి ఎదురుచూస్తున్నది.