తిరగేయకూడని పలక

హలో… ఆ, నేనే బావా. ఇంకా స్కూల్లోనే ఉన్నా, ల్యాబ్‌లో.

లేదు, ఎవరూ లేరు. అందరూ వెళ్లిపోయారు… నీ పక్కన ఎవరున్నారు?

అక్క వంటింట్లో. ఊ. మరి పిచ్చుక?

మేడ మీదా? నిజంగానే మేడ మీదుందా?

ఏం లేదులే, ఊరికే అడిగా. మేనకోడలి గురించి అడక్కూడదా ఏంటి!

ఆ, ఏటా చేసే ఫోనే. పిల్లలు పలకల కిందకి గోలీలు దొర్లించి బొమ్మలు గీసిచ్చారు. ఏ పలక కింద ఏం బిగించావో నువ్వు చెబితే నేను దిద్దుకుంటా…

ఆగాగు. వరసగా వద్దు. ముందు పచ్చరంగు పలక సంగతి చెప్పు.

…ఎందుకంత ఆలోచిస్తున్నావు? నీ చేత్తో బిగించిన చెక్కే కదా!

గుండ్రందా. గుండ్రమంటే… పూర్తిగా గుండ్రమేనా? మధ్యలో సందుగానీ, చీలికగానీ…

ఒకటే ముక్క. అంతేనా?

లేదు బావా, ఎందుకు అడుగుతున్నానో తర్వాత చెబుతా. ముందు నువ్వు ఇంకోసారి చెప్పు.

కోప్పడతావేంటి! సూటిగా అడిగితే కోప్పడేవాణ్ణి చూస్తే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది.

సరే, చెబుతా విను. ఆ పలక చుట్టూ కూర్చున్న పిల్లలందరూ గుండ్రం గీశారు. నీ కూతురు ఒక్కతే రెండు ముక్కలు గీసింది. రెండు సగాలు, మధ్యలో సందు. అదీ పెన్నుతో! మిగతావాళ్లు పెన్సిల్‌తో గీసి, చెరిపి, మళ్లీ గీసి కాగితాలు చిల్లులు పడేలా చేస్తే, ఈవిడ పెన్నుతో ఒక్క గీత. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది బావా?

నవ్వకు. నేను నవ్వులాటకి ఫోన్ చెయ్యలేదు.

ఈ పద్ధతి ఎందుకు పెట్టుకున్నాం మనం? పలక కింద ఏముందో పిల్లలకి తెలీదు, నాకూ తెలీదు. నీ ఒక్కడికే తెలుసు. కిందకి గోలీలు దొర్లించాలి, ఎటు తగిలి ఎటు తిరిగొస్తున్నాయో చూడాలి, లోపల ఏముందో గీయాలి. పరమాణువు లోపల కేంద్రకం ఉందని అలాగే కదా కనిపెట్టారు, కంటితో ఎవరు చూశారని! నాకు తెలిస్తే నా మొహమే చెప్పేస్తుందని, నాక్కూడా చెప్పొద్దని నిన్ను అడిగింది నేనే. అంత జాగ్రత్తగా ఉంటే… ఈ ఏడాది నీ కూతురే నా క్లాసుకొచ్చింది.

నేనేం అనట్లేదు. అడుగుతున్నా, అంతే. చెక్క కోసేటప్పుడు తను షెడ్డులోకి వచ్చిందా?

రోజూ వస్తుంది… అదిగో! రోజూ వస్తుందట!

రంపప్పొట్టు ఊడ్చడానికా. ఊ. ఊడుస్తూ చూడదా? కళ్లు మూసుకుని ఊడుస్తుందా?

నువ్వు చెప్పావని కాదు. పోనీ నోరు జారావేమో… భోజనం దగ్గర ఏదో మాటల్లో…

అయితే అలా కాదంటావు.

సరే బావా, ఒక్క మాట చెప్పు. నువ్వు బిగించింది ఒకే ముక్క అయితే, తను రెండు ముక్కలు ఎందుకు గీసింది?

…తప్పు గీసిందంటావా?

తప్పు గీయడానికి కాపీ కొట్టడం ఎందుకు అంటే… అదే నాకూ అర్థం కావట్లేదు. అందుకే కదా ఫోన్ చేశాను!

కాదు, ఉండు. నాకిప్పుడు తట్టింది. నువ్వు బిగించింది రెండు ముక్కలే. దొరికిపోయానని అమ్మాయి నీకు ముందే చెప్పేసింది. నేను ఫోన్ చేస్తానని నీకు తెలుసు. అందుకని ఒకటే ముక్క అంటున్నావు. తప్పు గీసిందనుకుని వదిలేస్తానని! ఇద్దరూ కలిసి…

హలో? బావా?

ఆ… ఉన్నావా.

పిల్లని ఏం చేశానంటే… ఏం చేస్తాను. క్లాసులో లేపి అడిగాను. మీ నాన్న చెప్పాడా అని. లేదంది. ఎలా తెలిసింది మరి అంటే, ‘ఒక గోలీ తగల్లేదు, తిన్నగా అవతలికి వచ్చేసింది’ అంది. గురి తప్పి ఉంటుందే పిచ్చిదానా అన్నాను. కాదు, మళ్లీ వేశాను, మళ్లీ వచ్చింది అంది. చూపించమంటే వేసింది. తగిలి వెనక్కి వచ్చింది. ఇంకోటి వేసింది. అదీ వెనక్కే. పిల్లలందరూ నవ్వారు.

నేనా? నేను… దాని కాగితం మీద ఎర్రసిరాతో ‘కాపీ’ అని రాశాను.

అందరి ముందే.

చూడు బావా, నా మేనకోడలని వదిలేస్తే రేపు మిగతా పిల్లలు నన్నేమనుకుంటారు? పైగా రేపు వేరే స్కూళ్ల టీచర్లు వస్తున్నారు, ఈ పలకలు చూడటానికి. వాళ్ల ముందు నిలబడి చెప్పాల్సింది తనే. వేరే అమ్మాయిని పెట్టాను.

…అన్నం తినలేదా?

చెప్పలేదా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదా? నీక్కూడా?

అంటే… నేను ఫోన్ చేస్తానని నీకు తెలీదా?

ఊ…

అరవకు బావా. వింటున్నా. వింటున్నానంటున్నాగా!

తిరగేసి చూడమంటావా? భలేవాడివే! ఇన్నేళ్లుగా ఎవ్వరూ తిరగేయలేదు, నేను కూడా. పిల్లలకి మొదటి రోజే చెబుతా, పరమాణువుని విప్పి చూపించేవాడు ఎవడూ రాడు, మీ లెక్క మీద మీకు నమ్మకం ఉండాలి, అంతే అని. ఒక్కసారి తిరగేశామంటే ఇంక ఆ మాటకి విలువేముంది?

అదే మాట మళ్లీ అనకు. నాకేం భయం? నేనెందుకు భయపడతాను?

సరే! చూస్తా. ఇప్పుడే చూస్తా. లైన్లోనే ఉండు, నీ చెవితోనే విందువుగాని. ఫోన్ బల్ల మీద పెడుతున్నా…

…ఇదిగో, పట్టుకున్నా… బరువుగానే ఉంది… తిప్పుతున్నా…

…

…

ఆ… ఉన్నా బావా.

చెక్క చీలింది.

అవును. నువ్వు చెప్పినట్టు గుండ్రందే. మధ్యకి నిలువునా చీలింది. రెండు మేకులు కొట్టావు కదా… ఒక సగం మేకు మీద పక్కకి తిరిగింది. గోలీ పట్టేంత సందు ఉంది. వేలు పెట్టి చూస్తున్నా… అవును, పోతోంది.

పచ్చి చెక్కా? ఎండబెట్టకుండానే బిగించావా…

లేదు, లేదు. నిన్ను అనట్లేదు. ఎండుతూ ఎండుతూ ఇక్కడే చీలి ఉంటుంది. బీరువాలోనే. నీకెలా తెలుస్తుంది! నీకే తెలీనిది…

నీకే తెలీనిది తనకి చెప్పడం ఎలా బావా.

కాగితం నా ముందే ఉంది. సందు ఎటు వాలిందో కూడా సరిగ్గా గీసింది. ఆ వాలులో వేస్తేనే గోలీ దూరుతుంది, కాస్త పక్కకి వేస్తే తగిలి వెనక్కి వస్తుంది. క్లాసులో గురి కుదిరి ఉండదు పిల్లకి. నేను నెత్తి మీద నిలబడి గుడ్లురుముతుంటే ఎలా కుదురుతుంది!

నా మీద నాకే అసహ్యంగా ఉంది బావా. ఎవరి పిల్లయినా ఇలాగే అనేవాణ్ణా? అనేవాణ్ణి కాదు. నా మేనకోడలు కాబట్టే అనుమానం… నాకు పేరు పోతుందన్న భయం.

తనని పిలవవా కొంచెం? నేనే చెబుతా. రేపు తనే నిలబడాలి, వేరే ఎవరూ కాదు. పిలు… 

ఏంటి? అక్కడే ఉందా?

ఎప్పుడు దిగింది మేడ?

…ఫోన్ స్పీకర్లో పెట్టావా? అంతా విందా?

ఇవ్వు. ఇవ్వు బావా, ఫోన్ ఇవ్వు.

పిచ్చుకా… నేనే అమ్మా.

విన్నావుగా. నువ్వు గీసిందే కరెక్టు. సందు ఉంది. నా కళ్లతో చూశా…

అవును, తిరగేశాను.

…లేదమ్మా, అది… మీ నాన్న చూడమంటే…

లేదు. నీ బొమ్మ చూసి నమ్మలేదు. అవును. తిరగేసి చూశాకే నమ్మాను.

నిజమే… మీకు చెప్పేది ఒకటి, నేను చేసేది ఒకటి. నిజమేనే తల్లీ. తప్పు నాది. రేపు అందరి ముందూ నేనే చెబుతా. ఆ ఎర్రసిరా రాత కూడా అందరి ముందే కొట్టేస్తా. నువ్వు వచ్చి నిలబడితే చాలు. వస్తావు కదూ?

…వస్తావా! మంచి పిల్లవి. మా బంగారం…

ఊ… ఊ… ఏమన్నావు?

‘గుడ్ నైట్ సార్’ ఏంటే? మామయ్యని పట్టుకుని ఇంట్లో కూడా సార్ ఏంటి… హలో?

పిచ్చుకా?

హలో…