పా జుహన గారి ఎనిమిదో డయోడ్

1989 జూలై 17వ తేదీన బందుంగ్‌లోని మన సాంకేతిక పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల సహాయకులుగా చేరిన పా జుహన విరమిహర్జ గారు, ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అందులో ఇరవై రెండేళ్లు పక్క బల్ల వద్ద కూర్చున్నదానిగా, వారి సహనాన్ని కీర్తించమని సంచిక సంపాదకులు నన్ను కోరారు. ఆ సహనం ఎవరిదో ముందు తేల్చుకోవలసి ఉంది.

తొలి ఎనిమిదేళ్లు రేడియో, టెలివిజన్ మరమ్మతులు నేర్పి, 1997లో ప్రయోగశాల బాధ్యతలు స్వీకరించి, చెడిపోయిన ప్రతి యంత్రాన్నీ విద్యార్థులకు పాఠ్యగ్రంథంగా మార్చిన ఘనత వారిది. ఒక్క వార్షిక నివేదికనూ గడువులోగా సమర్పించని ఘనతా వారిదే. వాటిని రాసింది నేను.

2016లో, భూగోళ శాస్త్ర ఉపాధ్యాయిని బు ఎనుంగ్ గారు పక్షవాతం నుంచి కోలుకుని చక్రాల కుర్చీలో బడికి తిరిగివచ్చారు. గోడమీది పటం వారికి అందదు. దుకాణంలో దొరికే లేజర్ పాయింటర్ మీట నొక్కే బలం వేళ్లలో లేదు. మూడు నెలల్లో తరగతి నడపలేకపోతే గ్రంథాలయానికి మార్చక తప్పదని ప్రధానోపాధ్యాయులు చెప్పారు. అరచెయ్యి ఆనిస్తే వెలిగే పాయింటర్‌ను వారం రోజుల్లో చేసిస్తానని పా జుహన గారు మాటిచ్చారు. పదకొండు వారాలు పట్టింది.

లేజర్ డయోడ్‌కు విద్యుత్తు కాస్త తగ్గితే వెలగదు. కాస్త పెరిగితే క్షణంలో మాడిపోతుంది. దాన్ని హద్దులో ఉంచే డ్రైవర్ సర్క్యూట్ కోసమే ఈ ప్రయాసంతా. మొదట ఒక్క రెసిస్టర్ పెట్టారు. కొత్త బ్యాటరీలు వేయగానే డయోడ్ పోయింది. బజారులో కొన్న బోర్డు మరి రెండింటిని మింగింది. అప్పుడు విద్యుత్తును స్థిరంగా ఉంచే సర్క్యూట్ కట్టారు. అది మధ్యాహ్నం చక్కగా వెలిగింది. మర్నాడు ఉదయపు చలిలో ఇంకా జిగేల్మంది.

"ఇంకేం, ఇచ్చేయండి పా! ఆవిడ అక్కడ అట్లాసులు మూటగట్టేస్తున్నారు" అన్నాను.

"చలికి వెలుగు పెరుగుతోంది నెంగ్" అన్నారు. నన్ను చెల్లెలిని పిలిచినట్టు అలాగే పిలుస్తారు. "ముందు వరసలో పిల్లల కళ్లు ఏం కావాలి?"

ఊడదీశారు. ఆపైన సవరణల్లో ఆ డయోడూ పోయింది, మరి మూడూ పోయాయి. గడువు ఇక వారమే ఉంది. పరీక్షల సామగ్రి జాబితా అడిగితే, చేతిలో సగం కొరికిన క్యాబేజీ బజ్జీతో, "ఈ డయోడ్ ఎప్పుడెంత వెలుగిస్తోందో నాకెలా తెలియాలి?" అని నన్నే అడిగారు.

"దాన్నే అడగండి! నా ప్రాణం తీయకండి!" అని అరిచాను.

వారు నమలడం ఆపారు. "అడగొచ్చు నెంగ్. దీనికి మూడు కాళ్లు. వెలుగెంతో కొలిచి చెప్పేది ఆ మూడోదే. ఉత్త కరెంటు ఒక్కటి పట్టుకుంటే చాలనుకుని, దాన్ని ఇన్నాళ్లూ గాల్లో వదిలేశాను."

"తెలిసే వదిలేశారా?"

"తిట్టు, పడతాను. ముందు ఆ ట్రాన్సిస్టర్లు రెండు ఇలా అందుకో."

వెలుగు పెరిగితే విద్యుత్తును తగ్గించే ఆ చిన్న సర్క్యూట్‌ను రెండు రోజుల్లో కట్టి, క్యాంటీనులో చెండోల్ శీతలపానీయం అమ్మే ఆవిడ ఐసు పెట్టెలోనూ, పెంకుల కప్పు మీద ఎండలోనూ ఉంచి కొలిచారు. వెలుగు మారలేదు. ఎనిమిదో డయోడ్ బతికింది.

ప్రధానోపాధ్యాయులు వెనక బల్ల మీద కూర్చుని చూస్తుండగా, బు ఎనుంగ్ గారు ఎడమ అరచెయ్యి ఆనించారు. ఎర్రచుక్క పటమంతా తడబడి తిరిగి, ఒక నీలిగీత మీద నిలిచింది. "ఇది మన చితారుమ్. ఎక్కడ పుట్టిందో ఎవరు చెప్తారర్రా?" అన్నారు. చేతులు లేచాయి. ఆ తరువాత ఆరేళ్లు, తమ విరమణ దాకా, ఆమె ఆ తరగతిలోనే బోధించారు.

తలుపు బయట నిలబడిన పా జుహన గారు కళ్లు తుడుచుకుని, "చుక్క కాస్త వణుకుతోంది కదూ? మళ్లీ విప్పి..." అన్నారు.

"ఆ పెట్టె ముట్టుకున్నారంటే చూడండి!" అన్నాను.

ప్రయోగశాలలో ప్రశాంతత కావాలని ఇరవై రెండేళ్లు ప్రార్థించాను. సోమవారం నుంచి అది నాకు దక్కబోతోంది. ఏం చేసుకోవాలో తెలియడం లేదు. పా, మీకూ, మిమ్మల్ని ఇకపై రోజంతా భరించనున్న మీ శ్రీమతి తెహ్ ఓమి గారికీ సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు కలగాలి. తోచనప్పుడల్లా వచ్చి మా ప్రశాంతతను పాడుచేసేంత ఓపిక మీ కాళ్లలో చిరకాలం ఉండాలి.

ఇమాస్ రోహయాని
ఎలక్ట్రానిక్స్ విభాగం